నోరున్న కెమెరా

కూలరు మోటారు పోయింది.

పట్టపగలు, ఇంట్లో మనుషులుండగానే, కిటికీకి బయట బిగించిన కూలరు తలుపు తీసి, నీళ్లు పైకి తోడే చిన్న మోటారును తీగతో సహా ఎవరో పెరుక్కుపోయారు. చంద్రపూర్ ఎండాకాలంలో మెడలో గొలుసు పోయినా మనిషి తట్టుకుంటాడు గాని, కూలరు మోటారు పోతే తట్టుకోలేడు. బాబుపేట్‌లోని ఆ ఇంటి నలుగురూ ఆ రాత్రి తడి తువ్వాళ్లు కప్పుకొని పడుకున్నారు. తెల్లారేసరికి తువ్వాళ్లు ఎండిపోయాయి; కోపాలు మాత్రం పచ్చిగానే ఉన్నాయి.

“కెమెరా పెట్టాలె బాపు,” అన్నాడు మధుకర్. “మోటరు ఎత్కపోయినోడు రేపు కూలరే ఎత్కపోతడు.”

“పెట్టుండ్రి,” అన్నాడు రాజలింగు. “ముగ్గురు పోండ్రి. ముగ్గురు ఒప్పుకున్నదే తెండ్రి. ఒకరికి నచ్చి ఇద్దరికి నచ్చంది ఈ ఇంట్లకు రావొద్దు.”

రాజలింగు బొగ్గుబాయిలో దిగి దిగి, ఎక్కి ఎక్కి, మోకాళ్లు అరిగాక ఇంటిపట్టున కూర్చున్న మనిషి. మధుకర్ ఆయన చిన్నకొడుకు; విద్య చిన్నకోడలు. పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తూ ఈ మాటలన్నీ విన్న నాలుగో మనిషి శ్రీవాణి, పెద్దకోడలు. దొంగ పేరు చెప్పి కొనే కెమెరా ఎవరి కోసమో ఆమెకు తెలుసు.

ఆమె భర్త సమ్మన్న కూడా బాయి కార్మికుడే. కామెర్లు ముదిరి కన్నుమూశాడు. అతని నౌకరీ, నియమం ప్రకారం, భార్యకు వచ్చింది. ఆ నౌకరీ మీద మధుకర్‌కు ఆశ ఉండేది. ఘుగ్గుస్‌లో లారీ తోలుతూ, పూటపూటకూ దుమ్ము మింగుతూ, ఎప్పటికైనా కంపెనీ మనిషినవుతానని అనుకుంటూ ఉండేవాడు. అన్న పోయిన దుఃఖం ఏడాది తిరిగేసరికి పలచబడింది. అన్న నౌకరీ వదినెకు పోయిన దుఃఖం మాత్రం తిన్నకొద్దీ బలిసింది.

శ్రీవాణికి పిల్లలు లేరు. ఆమెకు మిగిలింది వీధి వైపు గది ఒకటి, దానికొక తలుపు, ఆ తలుపు ముందు గేటు. లోపలివాళ్ల గదులు దాటకుండా, ఎవరి ముఖమూ చూడకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా ఆమె ఆ తలుపు తీసుకొని పనికి పోగలదు, రాగలదు. ఆ రాకపోకలే ఆమె ఆస్తి. మధుకర్ కళ్లలో నలుసు కూడా అదే.

ఆమె పని బాయి పైన, దీపాల గదిలో. కిందికి దిగేవాడు తన ఇత్తడి బిళ్ల ఇచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు; పైకి వచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల మేకుకు వేలాడుతూ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, మేకు ఖాళీ అయితే బయటపడ్డట్టు. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. అడగని చోటు అది. అందుకే ఆమెకు అది ఇంటికన్నా ఇల్లులా అనిపించేది.

*

గోల్ బజార్‌లో విఠల్ దుకాణం. విఠల్ వాళ్ల తాత కరీంనగర్ నుంచి వచ్చినవాడు. మనవడికి తెలుగు నోట ఉంది గాని, సగం మాట మరాఠీలోకి జారిపోతుంది. అద్దాల బల్ల మీద అతడు కెమెరాలను వరసగా పేర్చాడు, పెళ్లిలో తాంబూలం పళ్లేలు పేర్చినట్టు.

“బఘా భావు, చూడన్నా, ఇది సాదాది. చూస్తది, దాసుకుంటది, అంతే. ఇది జర హుషారైంది. గేటు కాడ మనిషి కదిలితే చాలు, నీ ఫోన్‌కు ఖబర్ పంపుతది. కుక్క కదిలితే పంపది. కొమ్మ ఊగితే పంపది. మనిషి కదిలితేనే.”

“లోపటి నుంచి బయటికి పోయేటోళ్ల ఖబర్ గూడ పంపుతదా?” అడిగాడు మధుకర్.

విఠల్ చేయి ఒక్క క్షణం ఆగింది. “దొంగ బయటి నుంచి గదా వచ్చేది?”

“వచ్చినోడు పోడా మరి?”

శ్రీవాణి బల్ల అంచు పట్టుకొని అడిగింది. “ఆ ఖబర్ ఎవరి ఫోన్‌కు వస్తది?”

“నా ఫోన్‌కు,” అన్నాడు మధుకర్, విఠల్ నోరు తెరవకముందే.

“నా ఫోన్‌కు గూడ రావాలె.”

“వస్తది వహినీ,” అన్నాడు విఠల్, వదినెను మరాఠీలోకి మార్చి. “దీనికి ఒకరు మాలక్ ఉంటరు. మాలక్ ఒప్పుకుంటే మిగిలినోళ్లకు గూడ కనవడ్తది. మాలక్ వద్దంటే కనవడది.”

“మాలక్ వద్దంటుండు,” అన్నాడు మధుకర్ నవ్వుతూ.

విద్య తోడికోడలి వైపు తిరిగింది. ఆమె మాట ఎప్పుడూ మెత్తగా మొదలై చివర గుచ్చుకుంటుంది. “నీకెందుకక్కా అంత ఫికర్? దొంగకు ఉండాల్సిన భయం నీకు పట్టుకున్నదేంది?”

“భయం కాదు విద్య. నా తలుపు ముంగట కూసునే కన్ను ఎవరిదో తెలుసుకుంటున్న.”

“ఇంట్ల మొగోనిది,” అన్నాడు మధుకర్.

“మామ మొగోడు కాదా?”

“బాపుకు బటన్ల ఫోనే సక్కగ నొక్కరాదు. నువ్వు దీపాలు తుడుసుకో వదినే, ఇసొంటియి మాకు వదిలిపెట్టు.”

బల్ల చివర చిన్న బల్బు ఆకారంలో ఒక కెమెరా ఉంది. మధుకర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది కెమెరా అని చెప్పితే తప్ప తెలియదని, దీపం పెట్టే చోటే బిగించవచ్చని, చప్పుడు లేకుండా పని చేసుకుపోతుందని విఠల్ చెప్పాడు. మధుకర్ కళ్లు మెరిశాయి. ఎవరూ గుర్తుపట్టని కన్ను, ఎప్పుడూ మూతపడని కన్ను, ఎక్కడో ఘుగ్గుస్‌లో ఒకడి జేబులో తెరుచుకునే కన్ను.

అప్పుడే శ్రీవాణి చూపు మరో కెమెరా మీద పడింది. అది లావుగా, తెల్లగా, మొరటుగా ఉంది. గాజు కంటి కింద సన్నని రంధ్రాల జల్లెడ ఉంది.

“దీని కింద ఈ జల్లెడ ఏంది?”

“దీనికి నోరున్నది వహినీ,” అన్నాడు విఠల్. “ఖబర్ రాంగనె ఫోన్‌ల మైకు బొమ్మ ఒత్తిపట్టి మాట్లాడితే, గేటు కాడ ఉన్నోనికి ఇనవడ్తది. జోర్‌గ ఇనవడ్తది. దొంగ ఉరుకుతడు.”

చూపించమన్నాడు మధుకర్. విఠల్ కెమెరాకు కరెంటు పెట్టి తన ఫోన్ అతని చేతికిచ్చాడు. మధుకర్ దుకాణం మెట్లు దిగి, చెప్పుల కొట్టు దాటి, ఎక్కడో జనంలో కలిసిపోయాడు. కాసేపటికి బల్ల మీది కెమెరా గొంతు చించుకుంది.

“ఓ వదినే, ఇంటికాడ బువ్వ వండినవా, లేకుంటె దీపాలకే తినిపిస్తున్నవా?”

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. విద్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. శ్రీవాణి నవ్వలేదు. ఆమె ఆ జల్లెడ వైపే చూస్తూ నిలబడింది. వేర్వేరు చోట్ల ఉన్న రెండు విషయాలు ఆ క్షణాన ఆమె మనసులో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. ఒకటి మధుకర్ నోరు. రెండోది మామ కట్టడి.

పోయేవాణ్ణి వెనుక నుంచి పిలవకూడదని అన్ని ఇళ్లలోనూ అంటారు. ఎవరైనా పిలిస్తే వెనక్కి వచ్చి, కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి పోతారు. రాజలింగు ఇంట్లో ఆ మాట మాట కాదు, శాసనం. బాయికి పోయేవాళ్లను పిలవకూడదు, ఆగమనకూడదు, ఎటు పోతున్నావని అడగకూడదు. ఆయన భార్య ఆగమ్మ బతికి ఉన్న కాలంలో, భర్త టిఫిన్ డబ్బా మరిచిపోతే నోరు విప్పేది కాదట. పక్క సందులోంచి పరుగెత్తి, మలుపు దగ్గర ఎదురుగా నిలబడి, డబ్బా చేతికిచ్చి, ముఖం తిప్పుకొని వచ్చేదట. సమ్మన్న కోసం శ్రీవాణి కూడా ఆ సందులో పరుగెత్తింది. మధుకర్ మాత్రం ఎన్నడూ బాయి దిగలేదు. ఇంటి శాసనం అతని చెవిలో పడింది గాని ఒంటికి అంటలేదు.

మధుకర్ తిరిగి వచ్చి, బల్బు కెమెరానే మళ్లీ అందుకున్నాడు. “ఇదే మంచిగున్నది.”

“నేనొప్పుకోను,” అన్నది శ్రీవాణి. “చూసేది చూడండ్రి. చూస్తున్నమని చెప్పే ధైర్యం గూడ ఉండాలె. నోరు లేని కన్ను నా తలుపు ముంగట వద్దు. ఈ నోరున్నది తెస్తె ఒప్పుకుంట. మాలక్ నువ్వే ఉండు.”

విద్య నవ్వు ఆగిపోయింది. “ఇందుల ఏదో తిరకాసున్నది.”

“ఏం తిరకాసు?” అన్నాడు మధుకర్. తన గొంతు బజారంతా మోగిన ఆనందం ఇంకా అతని ముఖం మీద ఉంది. “అరిస్తె దొంగ ఉరుకుతడు. ఇంట్లోళ్లు గూడ అదుపుల ఉంటరు. ఇదే కట్టియ్యి విఠల్ భావు.”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మధుకర్ నోరు మంచిది కాదని శ్రీవాణికి తెలుసు. అది ఎప్పుడో ఒకనాడు జారుతుంది. ఆ రోజు మామ వింటూ ఉండాలి. అంతవరకు ఆమె ఓర్చుకోవాలి.

*

కెమెరా గేటు పక్క స్తంభానికి, వీధీ వరండా రెండూ కనిపించేలా ఎక్కింది. కొత్త మోటారు కూలరులోకి వచ్చింది. దొంగ మళ్లీ రాలేదు. ఇంటివాళ్లే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తగ్గించారు.

మధుకర్ నోరు జారలేదు. అదే ఆమె ఊహించనిది. నోరు కొనిచ్చినా అతడు దాన్ని వాడలేదు. చూపుతోనే కడుపు నింపుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్క మాట కలుపుకొని తినేవాడు.

“వదినె ఇయ్యాల కొత్త చీర కట్టింది. దీపాలకు పండుగనా?”

“వదినె గేటు కాడ ఫోన్ మాట్లాడుకుంట నిలవడ్డది. నవ్వుకుంట.”

శ్రీవాణి తల వంచుకొని తినేది. రాజలింగు వినీ విననట్టు ఉండేవాడు. వినీ విననట్టున్న ముసలివాళ్ల చెవుల్లోనే మాటలు ఎక్కువగా నిలువ ఉంటాయి.

ఒకనాడు మధుకర్ కంచం పక్కకు జరిపి, ఫోన్ తండ్రి ముందు పెట్టాడు. “జర ఇది చూడు బాపు.”

రాజలింగు కళ్లద్దాలు సర్దుకున్నాడు. తెర మీద గేటు ఉంది. గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. వెనుక నుంచి శ్రీవాణి దిగింది. బండి మీది మనిషి ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. అంతే. కాని మధుకర్ దాన్ని మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. వేసినప్పుడల్లా ఆ నవ్వు మరికొంత పొడుగైనట్టు కనిపించింది.

“మొగిలన్న,” అన్నది శ్రీవాణి. “మీ పెద్దకొడుకు తోని పనిచేసినోడే మామ. బస్సు చెడిపోతే దింపిపోయిండు.”

“బస్సు చెడిపోతే నవ్వొస్తదా అక్కా?” అన్నది విద్య.

“మొగిలి మంచోడే,” అన్నాడు రాజలింగు. ఫోన్‌ను వేలితో దూరం జరిపాడు. “ఇగ మీద బస్సు చెడిపోతే నడిచి రా.”

శ్రీవాణి చేతిలో ముద్ద రాయి అయింది.

మధుకర్ అంతటితో ఆగలేదు. తలుపు సగం తెరుచుకున్నాక పూర్తిగా తొయ్యడమే అతని పద్ధతి. “బాపు, ఒక్క మాట. వదినె లోపటి గదిల ఉంటె మంచిగుంటది. ముంగటి గది నేను తీసుకుంట. వదినె మనందరి ముంగట నుంచి పోతది, మనందరి ముంగట నుంచి వస్తది. ఏ కెమెరా అక్కర లేదు. నిమ్మళం.”

“నాకు నిమ్మళం ఉండదు మామ,” అన్నది శ్రీవాణి.

“నీకెందుకుండదు? దాసేటిది ఉంటేనే గదా?”

రాజలింగు కంచంలో చేయి కడుక్కున్నాడు. “పున్నం పోనియ్యి. ఆలోచన చేద్దాం.”

మామ ఆలోచన చేద్దామంటే సగం ఒప్పుకున్నట్టే. శ్రీవాణి తన గదిలోకి పోయి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఈ తలుపు పున్నమి దాకానే తనది. మధుకర్ నోరు దానంతట అది జారదు. జారుడు నేల మనమే తడపాలి అనుకుంది.

*

మరునాటి ఉదయం ఆమె చేతిలో రోజూ ఉండే సంచితో పాటు ఇంకొక సంచి ఉంది. గుడ్డ సంచి, నిండుగా ఉబ్బిన సంచి.

రాజలింగు వరండాలో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మధుకర్ చీకటితోనే ఘుగ్గుస్ పోయాడు. ఆ వేళకు అతని లారీ బొగ్గు నింపుకోవడానికి వరుసలో నిలబడి ఉంటుంది. వరుసలో నిలబడ్డ లారీలో మనిషికి వేరే పనేముంటుంది? ఫోనే పని.

శ్రీవాణి గేటు లోపల, సరిగ్గా కెమెరా కంటి కింద ఆగింది. వంగి చెప్పు పట్టీ సవరించుకుంది. గుడ్డ సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చింది. ఒకసారి మూతి విప్పి లోపలికి చూసి మళ్లీ కట్టింది. ఆమె కదిలినప్పుడల్లా అక్కడ ఘుగ్గుస్‌లో ఒక ఫోన్ మోగుతూ ఉంటుందని ఆమెకు తెలుసు. తలెత్తి గాజు కంటిలోకి నేరుగా చూసింది. ఆ తరువాత గేటు తీసి, వీధిలో అడుగు పెట్టింది.

ఏమీ కాలేదు.

ఎదురింటి నిర్మల వాకిట్లో రాలిన నల్లటి మసిని చీపురుతో తోస్తోంది. వీధి మొదట్లో పాలబండి. ఆమె నడిచింది. ఇంకొంచెం నడిచింది. పున్నమి, లోపలి గది, అందరి ముఖాలు దాటుకుంటూ పోయే బతుకు, ఆమె కళ్ల ముందు కదిలాయి. కదులుతుండగానే వెనుక నుంచి గొంతు వచ్చి వీపుకు తగిలింది.

“ఏయ్ వదినే, ఆగు. ఆ సంచేంది? ఎటు పోతున్నవ్ పొద్దుగాల పొద్దుగాల?”

పిలవకూడదు, పిలిచాడు. ఆగమనకూడదు, ఆగమన్నాడు. అడగకూడదు, అడిగాడు. మూడు తప్పులు ఒక్క ఊపిరిలో చేశాడు. నిర్మల చీపురు ఆగింది. రాజలింగు టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారలేదు. ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టాడు. అలా పెట్టడం జారడంకన్నా భయంగా ఉంది.

“బిడ్డ,” అని ఆయన అనలేదు. ఆమెను తాను కూడా వెనుక నుంచి పిలిచినట్టవుతుందని. నొప్పి మోకాళ్లతో లేచి, గేటు దాటి, ఆమెను దాటి ముందుకు నడిచి, ఎదురుగా నిలబడి అప్పుడు అన్నాడు. “ఇంట్లకు పద.”

ఆమె వచ్చింది, వరండాలో కూర్చుంది. విద్య తెచ్చిన నీళ్లు తాగింది. నెమ్మదిగా లేచింది. “పోయొస్త మామ. బస్సొచ్చే యాళ్లయింది.”

“ఇయ్యాల పోవుడు లేదు.”

ఇది ఆమె లెక్కలో లేదు. కూర్చోవడం, నీళ్లు తాగడం, మామ మండిపడడం, అంతవరకే ఆమె ఊహించింది. “నేను బాయిల దిగుతనా మామ? మీదనే గదా, దీపాల కాడ కూసుంట. లోపటి మనిషికి ఉండాల్సిన పట్టింపు నాకెందుకు? పోయిన వారమే సాబు అన్నడు, ఇగ నాగా పెట్టొద్దని.”

“నువ్వు దిగవు,” అన్నాడు రాజలింగు. “నీ చేతి దీపం దిగుతది. ఎంతమంది నెత్తుల మీద దిగుతది చెప్పు.”

మరిది కోసం తవ్విన గుంటలో తన కాలు కూడా పడింది. వీధి మలుపులో బస్సు హారన్ కొట్టింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది.

స్తంభం మీది నుంచి గొంతు మళ్లీ మోగింది. “బాపు, ఏమైంది? వదినెను ఎందుకు కూసోవెట్టినవ్? నాకన్ని కనవడ్తున్నయి.”

రాజలింగు తల పైకెత్తి ఆ గాజు కంటిని కాసేపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, కాళ్ల పీట ఎక్కి, కెమెరా తలకు ముసుగు వేసి ముడి బిగించాడు. తువ్వాలు కింద నుంచి మధుకర్ ఇంకా అంటూనే ఉన్నాడు. “హలో బాపు, చీకటైంది. కరెంటు పోయిందా?”

*

సాయంత్రం మధుకర్ వచ్చేసరికి తండ్రి వరండాలోనే కూర్చుని ఉన్నాడు. కెమెరా మీద తువ్వాలు అలాగే ఉంది. గుడ్డ సంచి మంచం మీద ఉంది.

“ఈ సంచి కొరకే గదా పిలిచినవ్,” అన్నాడు రాజలింగు. “విప్పు.”

మధుకర్ విప్పాడు. తెల్లగా ఉతికి ఆరేసి, నాలుగు మడతలు పెట్టిన పాత ధోవతుల ముక్కలు. దీపాల అద్దాలు తుడిచే గుడ్డలు. రాజలింగు ధోవతులే.

మధుకర్ వాటిని సంచిలో కుక్కాడు. “తెల్వక అడిగిన. అయినా అది మిషను బాపు. మిషను పిలిస్తే పట్టింపేంది?”

“మిషను పిలిచిందా, నువ్వు పిలిచినవా?”

“నేను ఘుగ్గుస్‌ల ఉన్న. ఘుగ్గుస్ ఆమెకు వెనుక ఎట్లయితది? రోడ్డు చూసుకో, ఆమె పోయే దిక్కే ఘుగ్గుస్. లెక్క ప్రకారం నేను ముంగట నుంచి పిలిచినట్టు.”

విద్యకు నవ్వు రాబోయింది. మామ ముఖం చూసి మింగేసింది.

“గొంతు ఏడికెళ్లి వస్తె మనిషి ఆడ ఉన్నట్టు,” అన్నాడు రాజలింగు. “నీ గొంతు ఆమె వీపుకు తాకింది. నేను గీ చెవులతోని విన్న.”

“ఎప్పటి ముచ్చటనో పట్టుకొని...”

“ఎప్పటిదో చెప్త విను. నువ్వు ఎత్తుకునే పిలగానివి. నేను డ్యూటీకి పోతుంటె పక్కింటి ఆశన్న వెనుక నుంచి పిలిచిండు, బీడీ ఉన్నదా అని. నేను తిరిగొచ్చి పండుకున్న. ఆ దినం హాజరు పోయింది.”

“మరి బాయిల ఏమన్న అయిందా?”

“ఏం కాలె. అందరు మంచిగ ఎక్కొచ్చిండ్రు. నన్ను చూసి నవ్విండ్రు. వాళ్లు నవ్వుకుంట ఇంటికి పోతుంటె నేను చూసిన. నేను ఆగినందుకే వాళ్లు నవ్వుకుంట పోతుండ్రు అనుకున్న. గదే నా నమ్మకం. నీకు నవ్వొస్తె నువ్వు గూడ నవ్వు. కని నా ఇంట్ల నుంచి బాయికి పోయేటోళ్లను పిలిచే నోరు ఉండొద్దు.”

“నోరు బందు పెడ్త. బటన్ ఉన్నది. చూసుడొక్కటే ఉంటది.”

“కన్ను, నోరు ఒకే తల మీద ఉంటయి. కన్ను చూసినంక నోరు ఊకుంటదా? నీది ఊకోలె.” రాజలింగు కొడుకు వైపు చేయి చాపాడు. “దాని మాలక్ మారాలె. శ్రీవాణి మాలక్ అయితది. పోయేటోళ్ల చేతులనే ఉంటె వెనుక నుంచి పిలిచేటోడు ఉండడు. ముంగటి గది ముచ్చట గూడ ఇగ నా చెవుల పడొద్దు.”

మధుకర్ ముఖం నల్లబడింది. “నౌకరీ ఆమెకే, గది ఆమెకే, ఇగ కన్ను గూడ ఆమెకే. నేను మనిషిని కానా ఈ ఇంట్ల?”

“మనిషివే. అందుకే నీ నోటికి భయపడ్తున్న.”

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకొని ఉన్న విద్య నెమ్మదిగా అన్నది. “మామ, ఒక్క మాట అడుగుత. నోరున్నదే కావాలని దుకాణంల పట్టుపట్టింది ఎవరో అడుగండ్రి. అక్కనే. మాలక్ నువ్వే ఉండని చెప్పింది గూడ అక్కనే. ఇందుల తిరకాసున్నదని ఆ పొద్దే అనుకున్న.”

అందరి కళ్లూ శ్రీవాణి మీద వాలాయి. స్తంభం మీది కంటికి ముసుగు ఉంది. ఈ మూడు జతల కళ్లకు ముసుగు వేసేవాళ్లు లేరు.

“అవునా బిడ్డ?” అన్నాడు రాజలింగు.

“అవును మామ.”

“ఎరిక ఉండే తెప్పిచ్చినవా?”

ఆమె అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. సంచిలోంచి జారిన ఒక ధోవతి ముక్కను తీసి మడత పెట్టింది. మడత పెట్టిన చేతులే జవాబు చెప్పాయి.

రాజలింగు ఆ చేతుల వైపే చూశాడు. బయట లారీలు పోతున్నాయి. వాటి వెనుక దుమ్ము లేస్తోంది. చివరికి ఆయన అన్నాడు. “నోరు తెచ్చింది నువ్వే. తెరిచింది వాడు. నా మాట మారది.”

ఆయన లేచి లోపలికి పోయాడు. మాట మారలేదు గాని పిలుపు మారింది. ఆ రోజు నుంచి ఆయన ఆమెను బిడ్డ అనలేదు. శ్రీవాణి అనే పిలిచాడు.

*

విఠల్ వచ్చి మధుకర్ ఫోన్‌లోంచి కెమెరాను తీసేసి, శ్రీవాణి ఫోన్‌లో పెట్టాడు. తువ్వాలు విప్పుతూ, “కాయ్ ఝాలే, ఏమైంది భావు? పానీ పట్టిందా దీనికి?” అని అడిగాడు. ఎవరికి చూపించాలో, ఎవరికి వద్దో ఒక్కొక్క పేరూ అడుగుతూ పోయాడతను. ప్రతి పేరుకూ ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ వారం లారీ మరమ్మతుకు పోయింది. బదులుగా దొరికిన బండి డ్యూటీ ఆలస్యంగా మొదలవుతుంది గనుక మధుకర్ రోజూ ఆమె వెళ్లిన తరువాతనే బయలుదేరుతున్నాడు. బండి తోలేవాడికీ బాయి దిగేవాడికీ పట్టింపు ఒక్కటేనని రాజలింగు కొత్తగా తీర్మానించాడు. ఇకపై మధుకర్‌ను కూడా వెనుక నుంచి ఎవరూ పిలవకూడదు, ఎవరైనా పిలిస్తే ఆ రోజు స్టీరింగు ముట్టకూడదు.

ఒక ఉదయం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న శ్రీవాణి ఒడిలో ఫోన్ మోగింది. గేటు దగ్గర మనిషి కదిలినట్టు చెప్పింది. తెర తెరిచింది. మధుకర్ గేటు తీస్తున్నాడు. భుజానికి సంచి ఉంది. ఆ సంచిలో ఏముందో ఆమెకు తెలియదు. ఎటు పోతున్నాడో తెలుసు. అయినా అడగాలని నాలుక చివర ఏదో దురద పెట్టింది. తెర కింద మైకు బొమ్మ ఉంది. ఒత్తిపట్టి ఒక్క మాట అంటే చాలు. వరండాలో టీ గ్లాసు కింద పెట్టే చప్పుడు ఇక్కడికే వినిపిస్తుంది.

మధుకర్ గేటు దాటాడు. దాటి, ఆగాడు. వీపు కెమెరా వైపే ఉంది. భుజాలు బిగుసుకున్నాయి, వెనుక నుంచి రాయి పడుతుందని ఎదురుచూసే మనిషి భుజాల్లాగా. కాసేపు అలాగే నిలబడి, మెల్లగా తల తిప్పి, గాజు కంటిలోకి చూశాడు.

శ్రీవాణి బొటనవేలు మైకు బొమ్మ మీద ఉంది.

బస్సు బాయి గేటు ముందు ఆగింది. అందరూ దిగుతున్నారు. ఆమె వేలు తీసి, ఫోన్‌ను సంచిలో, తెల్లటి ధోవతి ముక్కల మధ్య పెట్టుకుంది. దీపాల గదిలో మేకులన్నీ ఖాళీగా ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి.

పిలవలేదు. పిలవనని మాట కూడా ఇవ్వలేదు.